నేరుగా వెళ్ళే బండి

పొద్దున్నే చొక్కాకి కాలరు పట్టీ పెడదామని కూర్చుంటే ఇంట్లో ఒక్క గుండుసూది దొరకలేదు. సూదులు గుచ్చిపెట్టే ఎర్ర గుడ్డ మెత్త బోడిగుండులా ఉంది. ఇల్లాలు దాన్ని చేత్తో పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. అనుకున్నంతా అయింది. రెండు కుట్టు మిషన్ల పక్కనున్న కటింగ్ బల్ల మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరాయి దేశపు రైళ్ళ మ్యాపు పరిచి ఉంది. సూదులన్నీ దాని మీదే గుచ్చి ఉన్నాయి. స్టేషనుకొక సూది. సూదికీ సూదికీ మధ్య నీలం దారం.

వీధిలో అందరూ మాస్టారని పిలిచే ఆమె భర్త కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని బల్ల మీదికి వంగి ఉన్నాడు. మెడలో టేపు వేలాడుతోంది.

"ఏమండీ, ఎదురింటి టీచరుగారి చొక్కా ఇవాళ ఇవ్వాలి. సూదులన్నీ మీరు పట్టుకొస్తే నేను పళ్ళతో పట్టుకుని కుట్టనా?"

"ఉండవే. ఇక్కడ దిగి అవతల ప్లాట్‌ఫామ్ మీద ఇంకో బండి ఎక్కాలి. మధ్యలో టీ తాగే వ్యవధి ఉంటుందో లేదో చూస్తున్నా."

"అక్కడి టీ సంగతి తర్వాత. ఇక్కడి టీ చల్లారి నీళ్ళయింది. ముందు అది తాగండి."

ఆయన తాగలేదు. ఒక సూది పీకి వేలెడు దూరంలో గుచ్చాడు. మళ్ళీ పీకి మొదటి చోటే పెట్టాడు. లేచి గదిలో నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి చూశాడు. నెల రోజులుగా ఇదే తంతు. రాత్రి ఖాయం చేసిన దారి పొద్దున్నకి మారిపోతుంది. పొద్దున్న దారి సాయంత్రానికి నిలవదు.

ఈ ప్రయాణం మాట మొదట ఆయన నోటి నుంచి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన కొట్టు మూసి ఊరు దాటింది లేదు. పెళ్ళిళ్ళకి కూడా పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేవాడు. అలాంటి మనిషి ఒకరోజు భోజనం చేస్తూ చేస్తూ, "ఈ వేసవిలో విదేశం వెళ్దాం. విమానం దిగాక అంతా రైళ్ళలోనే తిరుగుదాం. చివర్న ఒక సరస్సు ఉందట, అక్కడ నాలుగు రోజులుందాం" అన్నాడు. ఏ దేశమని చిన్న కూతురు అడిగింది. ఆయన చెప్పాడు. ఇల్లాలి చేతిలో గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

అది పెద్దమ్మాయి ఉంటున్న దేశం.

ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. కిటికీలో వాలిన పిట్టని చూసినట్టు కదలకుండా కూర్చున్నారు. కదిలితే ఎగిరిపోతుందేమోనని భయం. మర్నాడు ఆయన మ్యాపు తెచ్చాడు. దారం కట్టాడు. ఆ దారం పెద్దమ్మాయి ఉండే ఊరి దాకా వచ్చి, అక్కడ పాము కనబడ్డట్టు పక్కకి తిరిగి, కొండలెక్కి, ఎక్కడెక్కడో చిన్న చిన్న స్టేషన్లలో మూడు బళ్ళు మారి, ఆ ఊరు దాటాక మళ్ళీ అసలు లైనులో కలిసింది. ఆనాటి నుంచీ దారి ఎన్నిసార్లు మారినా ఆ ఒక్క ఊరి దగ్గర మాత్రం సూది పడలేదు.

పెద్దమ్మాయి పదేళ్ళ వయసులోనే స్టూలు ఎక్కి ఆ కటింగ్ బల్ల దగ్గర నిలబడింది. కత్తెర దాని చేతిలో ఎంత నిదానంగా నడిచేదంటే, మాస్టారు ఖరీదైన కోటు గుడ్డ కూడా దానికే ఇచ్చేవాడు. కొట్టు పేరు మార్చి, తండ్రీ కూతుళ్ళ పేరు మీద కొత్త బోర్డు రాయించాడు. ఆ బోర్డు వచ్చిన రోజే అది నోరు విప్పింది. ఆ దేశంలో రైలు నడిపే శిక్షణకి తనని తీసుకున్నారని చెప్పింది. అడగకుండా, చెప్పకుండా ఎన్నాళ్ళు దాచావని ఆయన అడిగాడు. "అడిగితే వద్దంటావని" అంది. "సరే, వెళ్ళు. వెళ్ళాక ఈ బల్ల మీద మళ్ళీ చెయ్యి పడకూడదు" అన్నాడాయన. ఆ బోర్డు ఇప్పుడు గుడ్డల తానులు పెట్టే అల్మారాలో ఒక అరగా ఉంది, రాసిన పక్క కిందికి తిప్పి.

నాలుగేళ్ళయింది. అది తల్లికి ఫోన్ చేస్తుంది, చెల్లెలికి చేస్తుంది. అది ఫోన్ చేసిందని తెలియగానే మాస్టారు మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెడతాడు. సూది కింద గుడ్డ ఉండదు. ఖాళీ మిషను చప్పుడు వేరుగా ఉంటుందని ఇల్లాలికి తెలుసు. ఆమె ఏమీ అనేది కాదు. చెవులు మూసుకోవడం కంటే మర్యాదగా ఉందిలే అనుకునేది.

"అమ్మా, నా చెప్పులు ఈ గుడ్డ పీలికల కింద పడేశారెవరు?" అంటూ చిన్నది వచ్చింది. దాన్ని చిట్టి అంటారు. పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే ఉద్యోగం. తండ్రి వైపు ఓ చూపు చూసి, తల్లిని వీధి గుమ్మం దగ్గరికి లాక్కెళ్ళింది.

"మళ్ళీ మార్చాడా?"

"మార్చారు. మళ్ళీ చుట్టే. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు."

"అక్క రాత్రి మెసేజ్ పెట్టింది. ‘మా ఊరికి వస్తున్నారా లేదా అది ఒక్కటి చెప్పండి, సెలవు పెట్టుకోవాలి’ అంటోంది. ఇవాళ చెప్పకపోతే సెలవు దొరకదట. ఏం చెప్పమంటావ్?"

ఇల్లాలు వెనక్కి తిరిగి చూసింది. మాస్టారు మ్యాపు మీద టేపు పెట్టి కొలుస్తున్నాడు.

"సాయంత్రం దాకా ఆగమను. ఈ పూట నేనే అడుగుతా."

"నువ్వు అడగవమ్మా. నెల నుంచీ ఈ పూట, ఈ పూట అంటున్నావ్. పోనీ, అక్క బండి నడపడం ఆపి కొత్తవాళ్ళకి నేర్పుతోందని అయినా చెప్పావా?"

"హుష్! చిన్నగా. ఎందుకూ చెప్పడం? అక్కడ పదిమందికి నేర్పుతుంది, ఇక్కడ నేర్చుకున్నది మాత్రం గంగలో కలిపింది అని ఇంకో మాట పడేస్తారు. అది విని నేను తట్టుకోలేను."

"సరే. నీ ఇష్టం" అని చిట్టి వెళ్ళిపోయింది.

ఇల్లాలు దేవుడి పటం ముందు నిలబడి దణ్ణం పెట్టుకుంది. ఆమెవి పెద్ద చదువులు కావు. ప్రార్థనలోనూ పెద్ద మాటలు రావు. ‘తండ్రీ, దారి తప్పినవాళ్ళకి దారి చూపిస్తావంటారు. ఈయన దారి తప్పలేదు. తెలిసే పక్కదారి పడుతున్నారు. అలాంటివాళ్ళని ఏం చేస్తావు నువ్వు?’ అని అడిగింది. ముందు గదిలోంచి సుద్దముక్క కింద పడిన చప్పుడు మాత్రం వచ్చింది.

ఆ రోజంతా కొట్టులో ఏ పనీ ఓ కొలిక్కి రాలేదు. ఆమె ఒక కాజా కుట్టి రెండోది సగంలో వదిలి లేచేది. లేచి వంటింట్లోకి వెళ్ళి, ఎందుకు వెళ్ళిందో మరిచి తిరిగొచ్చేది. ఆయన కత్తెర తీసుకుని గుడ్డ ముందు కూర్చునేవాడు. కత్తెర గుడ్డ మీదే ఉండేది, చూపు మాత్రం బల్ల మీది మ్యాపు మీద ఉండేది. మధ్యాహ్నం దాటాక ఎదురింటి టీచరు వచ్చి చొక్కా తొడుక్కుని చూసుకున్నాడు. ఎడమ చెయ్యి దూర్చాడు. బాగానే ఉంది. కుడి చెయ్యి దూర్చాడు. దూర్చి అలాగే రెక్క విరిగిన కోడిలా నిలబడిపోయాడు.

"మాస్టారూ, ఈ చెయ్యి నన్ను వెనక్కి లాగుతోందేమిటి?"

మాస్టారు దగ్గరికొచ్చి చంక దగ్గర కుట్టు తడిమి చూశాడు. రెండు చేతులూ ఎడమవే. గుడ్డ తిరగెయ్యకుండా ఒకే వైపు రెండుసార్లు కత్తిరించాడు. ముప్పై ఏళ్ళలో ఆయన చెయ్యని తప్పు.

"రేపు ఇస్తాను" అన్నాడు.

"పర్లేదులెండి. మీ మనసు అప్పుడే రైలెక్కేసినట్టుంది" అని టీచరు నవ్వుతూ వెళ్ళాడు. ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన పాడైన చెయ్యి విప్పి పక్కన పెట్టి కుట్టు ఊడదియ్యడం మొదలుపెట్టాడు. మామూలు రోజైతే మిగిలిన గుడ్డలో ఆ చెయ్యి ఎలా పడుతుందా అని లెక్కలేసుకునేవాడు. ఇవాళ దారపు పోగులు లాగుతూ కూర్చున్నాడు, అంతే.

సాయంత్రం చిట్టి వచ్చిన కాసేపటికే ఇల్లాలి తమ్ముడు వచ్చాడు. ప్రయాణాల టికెట్లు తీసిపెట్టే ఆఫీసులో అతని ఉద్యోగం. ఎక్కడికెళ్ళినా అతని మాట ముందు వస్తుంది, మనిషి తర్వాత వస్తాడు.

"బావా! నువ్వు పంపిన దారి మా ఆఫీసులో చూపిస్తే, ఇది విహారయాత్రా, రైల్వే లైన్ల తనిఖీయా అని అడిగారు. ఏం చెప్పమంటావ్?"

"నోరు మూసుకుని బుక్ చెయ్యమను."

"చేస్తారు. కానీ ఇవాళే ఖాయం చెయ్యాలి. వేసవి కదా, సీట్లు పోతున్నాయ్. ఓసారి విను. విమానం దిగిన చోటి నుంచి సరస్సు దాకా నేరుగా బండి ఉంది. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దింపేస్తుంది. అక్కని కిటికీ పక్కన కూర్చోబెడితే హాయిగా నిద్రపోతుంది. నువ్వేమో మూడు బళ్ళు మారి, మధ్యలో ఓ రాత్రి ఊరూ పేరూ లేని చోట పడుకుని, మర్నాటికి చేరతానంటావు. పైగా ప్రతి బండిలోనూ ఇంజనుకి ఆనుకున్న పెట్టెలోనే సీటు కావాలట! ఎందుకు బావా, డ్రైవరు నిద్రపోతే లేపడానికా?"

"నీకెందుకురా? చెప్పింది చెయ్యి."

"అక్కా, నువ్వు చెప్పవే. మూడు చోట్ల పెట్టెలు మోసుకుంటూ మెట్లెక్కి దిగాలి."

ఇల్లాలు కాజా కుడుతున్న చొక్కా పక్కన పెట్టింది. లేచి బల్ల దగ్గరికి వచ్చింది. ఏమీ మాట్లాడకుండా ఉండ నుంచి ఎర్ర దారం లాగి మొదటి సూదికి ముడేసింది. తిన్నగా లాక్కుంటూ వెళ్ళింది. ఎవరూ సూది గుచ్చని ఆ ఊరి మీదుగా తీసుకుపోయి చివరి సూదికి చుట్టి, పంటితో కొరికి తెంపింది.

"ఇదీ దారి" అంది.

"ఆ దారి వద్దు."

"ఎందుకు వద్దు?"

"నాకు నచ్చలేదు."

"దారి నచ్చలేదా, దారిలో ఉన్న మనిషి నచ్చలేదా?"

చిట్టి చేతి సంచీ ఇంకా భుజానే ఉంది, దింపడం మరిచిపోయింది. బావమరిది ఏదో అనబోయి అక్క మొహం చూసి మానుకున్నాడు.

"ముప్పై ఏళ్ళు మీ పక్కన కూర్చుని కాజాలు కుట్టాను" అంది ఇల్లాలు. గొంతు పెంచలేదు. "మీరెలాంటి మనిషో నాకు తెలీదా? పీలిక మిగిలితే జేబు లోపలికి వాడతారు. జానెడు దారం పారేస్తే మాట్లాడకుండా ఏరి ఉండకి చుడతారు. అలాంటి మీరు కూతురి ఊరు తగలకూడదని ఇంత దారం, ఇంత పొద్దు వృథా చేస్తారా? ఆ దేశం పేరు మీ నోట విన్న రోజు నేను ఎంత సంబరపడ్డానో తెలుసా? దేవుడికి ఎన్ని దణ్ణాలు పెట్టానో తెలుసా? అన్నం పెట్టి కంచం లాగేసినట్టు చేశారు. కూతురు రమ్మంటోంది. సెలవు పెట్టనా అని అడుగుతోంది. దాని గుమ్మం ముందు నుంచి ముసుగేసుకుని పోయే ప్రయాణం నాకొద్దు. నేను రాను. మీరూ మీ సూదులూ వెళ్ళి రండి."

"రమ్మందా?" అన్నాడు మాస్టారు.

అంత మాట్లాడినా ఆయన పట్టుకున్నది ఆ ఒక్క మాటే.

"అంటే? రమ్మనదా మరి?"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. టేపు మెడలోంచి తీసి వేలికి చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు.

"తప్పించుకోడానికి కాదే" అన్నాడు.

"మరి?"

ఆయన సుద్దముక్కతో మ్యాపు మీద కొండల వైపు చూపించాడు. "ఈ బండి అది నడుపుతుంది. పొద్దున కొండ ఎక్కిస్తుంది. ఇదిగో, ఈ రెండోది కూడా. మధ్యాహ్నం దించుతుంది. మర్నాడు ఈ పక్క లైను దానిదే. దాని డ్యూటీ వారం వారం మారుతుందట, అందుకే నేనూ మార్చుకుంటూ వస్తున్నా. దాని ఊరి మీదుగా పోయే పెద్ద బండి దానిది కాదు. అందుకే అటు వెళ్ళలేదు."

బావమరిది నోరు తెరిచాడు. "అందుకా ఇంజను పక్క పెట్టె అడిగావు! నేను గాలి కోసమనుకున్నా బావా."

"ఇవన్నీ మీకెలా తెలుసు?" అంది ఇల్లాలు.

"నువ్వు ఫోన్లో మాట్లాడితే వీధి చివరికి వినపడుతుంది."

"మరి మీరు మిషను తొక్కుతూ ఉండేవారు కదా?"

"మిషను కాళ్ళతో తొక్కుతారే. చెవులతో కాదు."

ఎవరికైనా నవ్వు రావలసిన మాటే. ఇల్లాలు మాత్రం నవ్వలేదు. పక్కనున్న మిషను అంచు పట్టుకుంది. నాలుగేళ్ళపాటు ఆ ఖాళీ చప్పుడు విని ఆమె ఈయన మనసు బండరాయి అనుకుంది.

"అయితే తిన్నగా దాని ఇంటికే వెళ్ళొచ్చు కదండీ! ఈ దొంగచాటు ప్రయాణమెందుకు?"

"ఇంటికి వెళ్తే తలుపు కొట్టాలి" అన్నాడాయన. బల్ల వైపే చూస్తున్నాడు. "కొట్టాక అది తియ్యాలి. తీసి, నా మొహం చూసి, ఏమీ అనకుండా నిలబడితే? నేనేం చెయ్యను? నేను పొమ్మన్న మనిషి గుమ్మంలో ఏ మొహంతో నిలబడను? రైలుకైతే ఆ బాధ లేదు. టికెట్ ఉంటే ఎవడైనా ఎక్కొచ్చు. దానికి తెలియకుండా ఇంజను వెనక పెట్టెలో కూర్చుని, బండి ఎలా నడుపుతుందో చూసి, దిగిపోదామనుకున్నా. నిన్ను కూడా కూర్చోబెడదామనుకున్నా. కొండ దిగాక చెబుదామనుకున్నా, ఇంతసేపూ మనల్ని మోసింది మన పిల్లే అని."

ఇల్లాలు చిట్టి వైపు చూసింది. చిట్టి తల్లి వైపు చూసింది. ఆ చూపులు మాస్టారు కంట పడ్డాయి. చొక్కాలో నూలుపోగంత తేడా కనిపెట్టే కళ్ళవి.

"ఏంటి? ఏం దాస్తున్నారు?"

"నాన్నా..." అంది చిట్టి. "అక్క ఇప్పుడు ఆ బళ్ళు నడపటం లేదు."

ఆయన చివ్వున లేచాడు. టేపు కింద పడింది. "ఏమైంది? ఒంట్లో బాలేదా? ప్రమాదం ఏమైనా..."

"అయ్యో, కాదు నాన్నా! బాగుంది. ఈ మధ్యే పై పని ఇచ్చారు. కొత్తగా చేరినవాళ్ళకి నడపడం నేర్పుతోంది. ఆ ఊళ్ళోనే, శిక్షణ ఇచ్చే చోట. ఇక ఈ ఏడాదంతా అదే పని."

"నేను వినలేదే!"

"నీకు వినపడకూడదని వంటింట్లో మాట్లాడుకున్నాం."

ఆయన నెమ్మదిగా మళ్ళీ కూర్చున్నాడు. మ్యాపు మీద తను గుచ్చిన సూదుల్ని ఒక్కొక్కటే చూశాడు. కొండ ఎక్కే లైను, దిగే లైను, మధ్యలో రాత్రి ఆగుదామనుకున్న చిన్న స్టేషను. నెల రోజులు నిద్ర లేకుండా కట్టుకున్న దారి అది.

"అంటే ఈ బళ్ళన్నీ వేరే ఎవరో నడుపుతారన్నమాట" అన్నాడు.

ఇల్లాలు ఆ మాట భరించలేకపోయింది. తప్పు ఎవరిదని ఆమె తనని తాను ప్రశ్నించుకుంది. ఇంట్లో గొడవ రాకూడదని మంచి కబురు కూడా గుసగుసగా చెప్పుకున్నారు. ఆయనకి బాధ కలగకూడదనా? లేక ఆయన అనబోయే మాట తను పడకూడదనా? నాలుగేళ్ళు ఇంట్లో శాంతి ఉందనుకుంది. ఒకరు వింటూ విననట్టు, ఒకరు చెప్పకుండా చెప్పినట్టు బతకడాన్ని శాంతి అంటారా? దేవుడి ముందు రోజూ నిలబడి ఆయన మనసు మార్చమని వేడుకుంది. ఆ మనసులో ఏముందో ఆయన్నే అడగాలని ఒక్కరోజూ తోచలేదు.

"నేర్పుతోందా?" అన్నాడు మాస్టారు ఉన్నట్టుండి. "ఎలా నేర్పుతుందట?"

"పక్క సీట్లో కూర్చుంటుందట" అంది చిట్టి. "వాళ్ళ చేతి మీద చెయ్యి వెయ్యదట. తప్పు చేసేదాకా ఒక్క మాట మాట్లాడదట. చేశాక మాత్రం..."

"తిడుతుందా?"

"నీ తిట్లేనట నాన్నా. ‘చెయ్యి తర్వాత, కన్ను ముందు పోవాలి’ అంటుందట. ఒక కుర్రాడు, ఈ మాట మీకెవరు నేర్పారు మేడమ్, ఏ పెద్ద డ్రైవరు అని అడిగాడట."

"ఏం చెప్పింది?"

"మా నాన్న, టైలరు అని చెప్పిందట."

మాస్టారు కళ్ళజోడు తీశాడు. తుడుచుకోడానికి ఏదో ఒకటి కావాలి కాబట్టి పక్కనున్న చొక్కా చెయ్యి అందుకున్నాడు. బావమరిది కిటికీ వైపు తిరిగి వీధిలో ఏదో చూస్తున్నట్టు నిలబడ్డాడు.

"చిట్టీ, ఫోన్ చెయ్యి" అంది ఇల్లాలు.

"ఎవరు మాట్లాడతారు?"

"నువ్వు చెయ్యి."

చిట్టి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి ఫోన్ని బల్ల మధ్యలో మ్యాపు మీద పెట్టింది. మోగుతోంది. మాస్టారు లేచి మిషను వైపు అడుగు వేశాడు. నాలుగేళ్ళ అలవాటు. ఇల్లాలు పక్కకి జరిగి స్టూలుకి అడ్డంగా నిలబడింది. ఆయన ఆగిపోయాడు.

"చెప్పు చిట్టీ" అంది ఫోన్లో పెద్దమ్మాయి. వెనకాల ఇనుము మీద ఇనుము ఒరుసుకునే చప్పుడు, దూరంగా ఎవరో కేక. "నాన్న ఏమన్నాడే? నేను సెలవు చీటీ చేత్తో పట్టుకుని నించున్నా. ఇవ్వనా, చింపెయ్యనా?"

చిట్టి మాట్లాడలేదు. ఇల్లాలు మాట్లాడలేదు. మాట్లాడి పని సులువు చెయ్యాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. అయినా పెదవి బిగబట్టుకుంది.

"చిట్టీ? వినపడుతోందా?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"నేను" అన్నాడు.

అవతల ఇనప చప్పుడు మాత్రం వినిపిస్తోంది. తర్వాత అదీ తగ్గింది. నడుచుకుంటూ దూరంగా వచ్చినట్టుంది. ఒక తలుపు మూసుకున్న శబ్దం.

"నాన్నా?"

ఆయన చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. చెప్పాలనుకున్నవి నాలుగేళ్ళవి ఉన్నాయి. చివరికి ఆయన కళ్ళు భార్య కట్టిన ఎర్ర దారం మీద ఆగాయి.

"మీ ఊరికి... నేరుగా వచ్చే బండి ఉందటగా?"

"ఉంది నాన్నా."

"మధ్యలో మారక్కర్లేదు కదా?"

"అక్కర్లేదు. ఎక్కి కూర్చుంటే చాలు."

"ఎక్కేదాకా సరే. దిగేటప్పుడు కదా ఇబ్బంది. మీ అమ్మకి మోకాళ్ళు. గబగబా కదల్లేదు. నేను పెట్టెలు పట్టుకోవాలి. ముందే లేచి సరైన తలుపు దగ్గర నిలబడాలి. ప్లాట్‌ఫామ్ ఏ పక్క వస్తుంది?"

మోకాళ్ళ నొప్పి సంగతి ఇల్లాలు ఆయనకి ఎన్నడూ చెప్పలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏ పక్క వచ్చినా పర్లేదు నాన్నా. నేనుంటాను కదా. నేను లోపలికి ఎక్కి మిమ్మల్ని దింపుతాను."

"అది కాదే. అడిగినదానికి చెప్పు. ఎడమా, కుడా?" కోపంగా అందామనుకున్నాడు. ఆ మాటలో కోపం ఎక్కడా లేదు.

"కుడి" అంది పెద్దమ్మాయి ఏడుస్తూ. "కుడి పక్క నాన్నా."

మాస్టారు భార్య వైపు తిరిగాడు. చాలా పెద్ద కబురు చెప్పేవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు.

"కుడి పక్కట" అన్నాడు. కొండల మీది సూది ఒకటి పీకి ఆ ఊరి దగ్గర గుచ్చాడు.